తల మీద తొమ్మిది గుండీలు

నా పెద్దకొడుకు చంద్రమౌళికి మాట మొదట తప్పింది ఒక మంగళవారం నాడు, మగ్గం మీద. అంతకు ముందు ముప్పై ఏళ్లలో వాడు లెక్క తప్పిన రోజు నాకు గుర్తు లేదు. నాకు గుర్తు లేదంటే అది జరగలేదనే.

మాది వరంగల్ కొత్తవాడ, జంపఖానాలు నేసే ఇల్లు. వెడల్పు జంపఖానా అయితే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి, ఒకరిది కుడి సగం, ఒకరిది ఎడమ సగం. ఇద్దరిలో ఒకరు పోగుల లెక్క పైకి చెప్తుండాలి. ఎరుపు ఏడు, తెలుపు మూడు, మళ్లీ ఎరుపు ఏడు. ఆ మాట విని రెండోవాళ్లు తమ సగంలో అదే వేస్తారు. అప్పుడే నడిమి పువ్వుకు ఇటు నాలుగు పూలు, అటు నాలుగు పూలు జతగా నిలుస్తాయి. మా ఇంట్లో మొదట నా పెనిమిటి సారయ్య చెప్పేవాడు, నేను వేసేదాన్ని. ఆయన కల్లు తాగి కూర్చున్న రోజు కూడా లెక్క తప్పేవాడు కాదు, ఇంటికి దారి మాత్రం తప్పేవాడు. ఆయన పోయాక మౌళి చెప్తుంటే మా కోడలు రమ వేస్తోంది.

ఆ మంగళవారం వాడు "ఎరుపు ఏడు" అనవలసిన చోట "ఎరుపు గురువారం" అన్నాడు. రమ నవ్వింది. "గురువారం ఎన్ని పోగులు?" అని అడిగింది. వాడూ నవ్వాడు. కానీ మళ్లీ చెప్పబోయి ఆగిపోయాడు. ఏడు అనే మాట వాడికి దొరకలేదు. వేళ్లు చూపించాడు.

తర్వాత ఒక్కొక్కటే పోతూ వచ్చింది. చెంబును చెప్పు అన్నాడు. తమ్ముడు పండరిని మా నాయన పేరుతో పిలిచాడు. మా నాయన పోయింది వాడికి మూడేళ్లప్పుడు, ఆ పేరు వాడి తలలో ఎక్కడ దాక్కుందో. పదిహేనో రోజున మగ్గం మీదే ఫిట్స్ వచ్చి పక్కకు ఒరిగిపోయాడు. హన్మకొండలో ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోయాం.

అక్కడ ఓంప్రకాశ్ అని మెదడు డాక్టరు. నలభై దాటని మనిషి, నిదానస్తుడు. స్కాన్ బొమ్మను వెలుతురుకు పెట్టి చూపించాడు. ఎడమ పక్కన చింతగింజలు నాలుగు కలిపి ముద్ద చేసినంత గడ్డ. తీయవచ్చు, కానీ మాట పుట్టే జాగ దాని పక్కనే ఉందట. వెంట్రుక వాసి అటు జరిగితే మనిషి బతుకుతాడు గానీ మాట పోతుంది. అందుకని తల లోపలికి దారి ముందే స్కాన్ బొమ్మ మీద గీసుకుని, రోబో చెయ్యిని పట్టుకుని పోవాలని చెప్పాడు. ఆ రోబో ఈ దవాఖానది కాదు. హైదరాబాదు నుంచి నెలకు రెండు శనివారాలు వ్యానులో వస్తుంది, పని చూసుకుని వేరే ఊరికి పోతుంది.

పండరి వద్దన్నాడు. మిషన్ చేతిలో మనిషి తల పెడతామా అని వాడి మాట. రమ ఒక్కతే గట్టిగా నిలబడింది. ఆయన మాట ఉండాలంటే అదే దారి, చేయిద్దాం అని సంతకం పెట్టింది. నాకు లోపల భయంగానే ఉండింది. నా మనుమరాలు దీప, డిగ్రీ చదువుతోంది, ఫోన్‌లో ఆ రోబోను చూపించింది. తెల్లటి స్తంభానికి ఒక్క చెయ్యి, ముఖం లేదు.

"గదేంది బిడ్డా, ఒక్క చేతితోని ఎట్ల కోస్తది?" అని అడిగాను.

"అది కొయ్యది నాయినమ్మా. తొవ్వ చూపిచ్చి గట్టిగ పట్టుకుంటది అంతే. వణకది. కోసేది డాక్టరే."

"మరి దానికి తొవ్వ ఎవలు చెప్తరు?"

"నక్ష. స్కాన్ల నుంచి కంప్యూటర్‌కు నక్ష ఎక్కిస్తరు."

నక్ష అనగానే నాకు సగం భయం పోయింది. మా జంపఖానా బొమ్మకు మేము వాడే మాట అదే. నక్ష చూసి నడిచేదైతే తప్పదు అనుకున్నాను. అరవై ఏళ్లు నేను నక్ష చూసే నడిచాను కదా.

శుక్రవారం నాడు స్నేహలత అనే నర్సమ్మ వచ్చి మౌళికి గుండు గీసింది. డోర్నకల్ పిల్ల, వాళ్ల నాయన రైల్వేలో గేటు దగ్గర పని చేసేవాడట, నేను అడిగి తెలుసుకున్నాను. వాడి తల మీద తొమ్మిది అంటుడు బిళ్లలు అతికించింది. అంగీ గుండీ అంత ఉంటాయి, నడుమ బొక్క. ఒక్కొక్క దాని చుట్టూ నీలం పెన్నుతో గీత గీసింది. అవి పెట్టుకునే స్కాన్ తీయించుకుని వచ్చారు. రేపు ఆపరేషన్ బల్ల మీద ఆ గుండీలను ఒక్కొక్కటే మిషన్‌తో తాకిస్తే, స్కాన్‌లో ఉన్న తలా బల్ల మీద ఉన్న తలా ఒకటేనని కంప్యూటర్ గుర్తు పడుతుందట.

వెళ్తూ వెళ్తూ నాకూ రమకూ చెప్పింది. "ఇవి ముట్టద్దు అమ్మమ్మా. నూనె పెట్టద్దు, తల తుడవద్దు. ఒక్కటి ఊడినా జర మాకు చెప్పాలె, మళ్ల స్కాన్ తీస్తం. చెప్పకపోతే మిషన్ తొవ్వ తప్పుతది."

"నాకు చెప్తవా బిడ్డా," అన్నాను నేను, "నక్ష సంగతి నాకు చెప్తవా."

ఆ పిల్ల నవ్వి పోయింది.

శనివారం పొద్దున ఏడు కాలేదు ఇంకా. రోబో వచ్చింది, పొడుగు ప్లాస్టిక్ ముసుగు కప్పి వరండాలో నుంచి నెట్టుకుపోయారు. నేను దండం పెట్టాను. రమ కాగితాల మీద సంతకాలు పెట్టడానికి కింది అంతస్తుకు దిగింది. గదిలో నేనూ మౌళీ. ఫిట్స్ రాకుండా ఇచ్చిన మందుకు వాడు కళ్లు మూసుకుని మత్తుగా పడుకుని ఉన్నాడు.

నా కొంగు ముడిలో మేడారం పసుపు ఉంది. మొన్నటి జాతరలో అమ్మవారి గద్దె మీద నుంచి తెచ్చుకున్నది. పిల్లలకు జ్వరం వచ్చినా, కానుపుకు పోయినా మా ఇంట్లో ఆ పసుపు పెట్టందే గడప దాటించలేదు. నుదుటి మీద ఒక్క బొట్టు పెడదామనే లేచాను. పొడిగా ఉంటే రాలుతుందని సంచిలో ఉన్న కొబ్బరినూనె రెండు చుక్కలు కలిపాను. నుదుట గుండీ కింద పెట్టాను. చెయ్యి అక్కడ ఆగలేదు. గుండు మీద చెయ్యి వేసి ఎన్నేళ్లయింది. పుట్టెంట్రుకలు తీసినప్పుడు చూసిన తల అది. కుడి పక్కంతా అరచేత్తో రుద్దాను, చిన్నప్పుడు రుద్దినట్టే.

చెయ్యి తీస్తే అరచేతికి రెండు గుండీలు అంటుకుని వచ్చాయి. మూడోది తల కింది మెత్త మీద పడింది. నాలుగోది జారి చెవి వెనక వేలాడుతోంది. నీలం గీతలు నూనెలో చెదిరి మరకయ్యాయి.

ఎవరినన్నా పిలుద్దామని తలుపు దాకా పోయాను కూడా. వరండాలో నర్సమ్మలు పరుగులు పెడుతున్నారు, రోబో లోపలికి పోయింది, వ్యానుతో వచ్చిన మనుషులు గడియారం చూసుకుంటున్నారు. చెప్తే ఆపుతారు. ఆపితే మిషన్ పోతుంది. వాడి మాట కూడా దానితో పోతుంది. అట్లా అనిపించింది నాకు ఆ క్షణంలో.

తిరిగి వచ్చి చూశాను. అయిదు గుండీలు ఉన్నచోట ఉన్నాయి. నుదుటి నడుమ ఒకటి, ఎడమ పక్కన నాలుగు. మొత్తం తొమ్మిది. నడుమ ఒకటి పోతే ఇటు నాలుగు, అటు నాలుగు. ఇంతే కదా అనుకున్నాను. ఎడమ చెవి మీద నుంచి మూడు వేళ్లు కొలిచాను, కుడి పక్క నూనె కొంగుతో తుడిచి, చెవి మీద నుంచి మూడు వేళ్లు కొలిచి ఒకటి అతికించాను. అక్కడి నుంచి బెత్తెడు వెనక్కి ఇంకొకటి. ఎడమన ఎట్లా ఉందో కుడిన అట్లానే, పోగు వాసి తేడా లేకుండా నాలుగూ నిలిపాను. దూరం జరిగి చూస్తే జత కుదిరింది. నిజానికి నర్సమ్మ పెట్టినప్పుడు కొంచెం వంకరగా కనబడ్డాయి నాకు. తొందరలో పెట్టింది, నేనే సరిగా పెట్టాననుకున్నాను. మిగిలిన నూనె, పసుపు, నీలం మరకలు కూడా తుడిచేశాను. రమ వచ్చేసరికి వాడి కాళ్లు ఒత్తుతూ కూర్చున్నాను.

ఎనిమిదికి తీసుకుపోయారు. అయిదు గంటలు పడుతుందని చెప్పారు. గంటన్నర కాకముందే తలుపు తెరుచుకుని ఓంప్రకాశ్ డాక్టరు బయటికి వచ్చాడు. ఇంత తొందరగా అయిపోయిందని నేను సంతోషపడ్డాను. ఆ సంతోషం ఇప్పుడు తలచుకుంటే నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

తల కోయలేదు. మత్తు ఇచ్చి, తలను బిగించి, గుండీలు తాకించి చూశారట. ముక్కు కొన మీద సూది పెడితే తెరలో కనుబొమ్మ మీద చూపించిందట. మళ్లీ మళ్లీ చూశారు. నాలుగు గుండీలు స్కాన్‌లో ఒక చోట, తల మీద ఒక చోట.

"ఆ నాలుగు ఎవరో తీసి పెట్టిండ్రు," అన్నాడు. "రెండు పక్కల ఒక్క తీరుగ ఉన్నయి. మేము ఎన్నడూ అట్ల పెట్టం. రెండు పక్కలు ఒకటే తీరు ఉంటే కంప్యూటర్ కుడేదో ఎడమేదో తెల్వక తికమక పడతది. కావాలనే వంకరగ పెడతం."

 నర్సమ్మ చెయ్యి తప్పిందనుకున్నదే అసలు లెక్క. నేను కుదిర్చిన జతే తప్పు.

రమ అడిగింది, ఇప్పుడే మళ్లీ స్కాన్ తీయలేరా అని. మత్తు దిగాలి, గుండీలు పెట్టాలి, స్కాన్ తీయాలి, సాయంత్రమవుతుందన్నాడు. మిషన్ మధ్యాహ్నం మూడింటికల్లా బయలుదేరాలి, ఖమ్మంలో ఒక పసిపాప దాని కోసం ఎదురుచూస్తోంది. రోబో లేకుండా చేతితో చేయమని పండరి అంటే, తొందరపడి గుడ్డిగా పోతే మాట దక్కదని చెప్పాడు. రెండు వారాలకు మళ్లీ వస్తుంది, అప్పటి దాకా మందులతో ఆపుదాం అన్నాడు. స్నేహలత వెనక నిలబడి ఏడుపు ముఖంతో అన్నది, ఏడింటికి చెప్పి ఉంటే గంట పని, తొమ్మిదింటికల్లా మొదలుపెట్టేవాళ్లం అని.

డాక్టరు రమ వైపు చూశాడు. రాత్రి పక్కన ఉన్నది ఆమె, సంతకం ఆమెది.

"నేను ముట్టలేదు సార్," అన్నది రమ. తర్వాత నా వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు, అడగాలి కాబట్టి అడిగింది. "అత్తమ్మా, మీరేమన్న ముట్టిండ్రా?"

"లేదు బిడ్డా," అన్నాను.

రెండే మాటలు. నా నోరు ఊరికే ఉండదని కొత్తవాడ అంతా అంటుంది. పెళ్లిలో కూర్చుంటే మూడు తరాల సంగతులు చెప్తానని చుట్టాలు పారిపోతారు. ఆ రోజు నాకు రెండు మాటల కంటే ఎక్కువ దొరకలేదు.

రమ పొద్దున లేవగానే ఆయన ముఖం తువ్వాలతో తుడిచానని గుర్తు చేసుకుంది. తల మీదికి పోయిందేమో, ఊడితే నిద్రమత్తులో తానే అతికించిందేమో. ఆలోచించిన కొద్దీ ఆమె ముఖం మారిపోయింది. "నేనే కావచ్చు సార్," అన్నది చివరికి.

పండరి ఊరుకోలేదు. "రోబో కావాలె, రోబో కావాలె అని కూసున్నవ్ వదినా. నాలుగు బిళ్లలు కాపాడుడు నీతోని కాలే."

నేను పండరిని గద్దించాను. ఆడమనిషిని అట్లా అనకు అన్నాను. అందరూ నన్ను మంచి అత్త అనుకున్నారు.

తొమ్మిదో రోజున గడ్డలో నెత్తురు చిమ్మింది. ఇంట్లో అన్నం తింటూ తింటూ ముద్ద వదిలేసి పడిపోయాడు. దవాఖానకు పోయేసరికి ఒక కంటిపాప పెద్దదైంది. ఇంకా అయిదు రోజులుంది మిషన్ రావడానికి. ఆగే వ్యవధి లేదన్నాడు డాక్టరు. రోబో లేదు, గీసుకున్న దారి లేదు, తన రెండు చేతులతోనే తెరిచాడు. నాలుగు గంటల తర్వాత బయటికి వచ్చి మా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. డాక్టరు అట్లా కూర్చోవడం నేను ఎక్కడా చూడలేదు. ప్రాణం దక్కింది, మాట సంగతి చెప్పలేనన్నాడు. ఆ నెత్తురు ఎందుకు చిమ్మింది, గడ్డ ముందే తీసి ఉంటే చిమ్మేది కాదు కదా అని దీప అడిగితే, ఆయన లేచి లోపలికి పోయాడు. అవునని చెప్పలేకే లేచాడని నాకు అర్థమైంది.

మౌళికి కుడి చెయ్యి పడిపోయింది. మాటల్లో ఒక్కటే మిగిలింది. సరె. అన్నం పెట్టనా అంటే సరె. నొప్పి ఉందా అంటే సరె. కోపం వస్తే సరె, ఏడుపు వస్తే సరె. వినడం మాత్రం అంతా వింటాడు, అర్థం చేసుకుంటాడు. దీప పేపర్ చదివితే తప్పు చదివిన చోట తల ఊపుతాడు. నోటికి రావడానికే దారి లేదు. దవాఖాన వాళ్లు బొమ్మల కాగితాలు ఇచ్చారు. రమ రోజూ వాడి ఎదురుగా కూర్చుని చెంబు చూపించి "చెంబు" అంటుంది. వాడు పెదవులు గుండ్రంగా తిప్పుతాడు, చెమటలు కక్కుతాడు, చివరికి సరె అంటాడు.

చూడడానికి వచ్చిన వాళ్లకు రమ తానే చెప్పేది. "నా చెయ్యే తగిలింది, తువ్వాలతోని." ఎవరూ అడగకముందే చెప్పేది. పక్కింటి చిలుకమ్మ ముక్కు మీద వేలు వేసుకునేది. రమ వాళ్ల తల్లి వచ్చి కూతుర్ని పట్టుకుని ఏడ్చి, నా కాళ్లు పట్టుకుంది, మా పిల్ల తప్పు కాయమని. నేను లేపి చాయ్ ఇచ్చాను. చక్కెర సరిపోయిందా అని కూడా అడిగాను. రాను రాను రమ అన్నం తగ్గించింది, తలకు నూనె పెట్టుకోవడం మానేసింది. వాడి కాళ్ల దగ్గర కూర్చుని "నన్ను మాఫ్ చెయ్యి" అంటుంది. వాడు సరె అంటాడు. ఆమెకు ఆ సరె చాలదు, మళ్లీ మర్నాడు అడుగుతుంది.

నేను ఎవరితోనైనా చెప్పాలి. లేకపోతే నా కడుపులో అది పుండయ్యేట్టుంది. రమకు చెప్పే ధైర్యం లేదు. పండరికి చెప్తే ఊరంతా తెలుస్తుంది. డాక్టరుకు చెప్తే ఏం లాభం. ఎవరికి చెప్పానో వినండి. చెప్పలేనివాడికి చెప్పాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం, రమ పెరట్లో బట్టలు ఉతుకుతోంది. నేను వాడి మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. పసుపు సంగతి, నూనె సంగతి, నాలుగు గుండీల సంగతి, నా కొలతల సంగతి, లేదు బిడ్డా అన్న సంగతి, ఏదీ దాచకుండా చెప్పాను. నాకు అన్నీ గుర్తే, ఏ గుండీ ఏ వేలికి అంటుకుందో కూడా. చెప్తూ ఉంటే నాకు తేలికైంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, తేలికైంది.

"రమ తప్పేం లేదు కొడుకా," అన్నాను. "అంతా నేనే చేసిన."

వాడు నన్ను చూశాడు.  సరె అంటాడని ఎదురుచూశాను. అంటే అది మాఫీ అవునో కాదో ఎట్లాగూ తెలిసేది కాదు, అయినా దాని కోసమే కూర్చున్నాను. అనలేదు. చెయ్యి నా చేతిలో నుంచి లాక్కున్నాడు.

అప్పుడే రమ తడి చేతులు చీరకు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. వాడు ఒక్కసారి లేవబోయాడు. ఎడమ చెయ్యి ఎత్తి నన్ను చూపించాడు. తర్వాత రమను చూపించి, కాదు కాదని తల అడ్డంగా ఊపాడు. మళ్లీ నన్ను చూపించాడు. మెడ నరాలు ఉబ్బాయి, నోరు తెరిచాడు, మూశాడు, పెదవులు అదిరాయి.

"సరె," అన్నాడు. "సరె. సరె. సరె."

కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. రమ గబగబా వచ్చి పక్కన కూర్చుంది. "ఏంది? అత్తమ్మనా? అత్తమ్మను ఏంది?"

వాడు నన్నే చూపిస్తున్నాడు. చెప్పవలసింది నేను. నోరున్నది నాకు.

రమ వాడి చూపూ నా ముఖమూ మార్చి మార్చి చూసింది. ఆమెకు అర్థమైపోయిందనే అనుకున్నాను. ఒక నిమిషం అదే కోరుకున్నాను కూడా. కానీ ఆమె మెల్లగా నవ్వింది. ఎన్నాళ్లకో నవ్వింది. "అత్తమ్మ చేతి బువ్వ కావాల్నట," అన్నది. "నేను పెడితే తింటలేడు రెండు రోజుల సంది. మీరు పెట్టుండ్రి అత్తమ్మా."

వాడి చెయ్యి మంచం మీద పడిపోయింది.

నేను లేచాను. పప్పు, అన్నం కలిపాను, నెయ్యి వేశాను, మెత్తగా పిసికాను. ముద్ద నోటి దగ్గర పెట్టాను. వాడు పెదవులు బిగించుకుని గోడ వైపు తిరిగాడు. ఇంకోసారి పెట్టాను. ఇటు తిరగలేదు.

"ఆకలి లేనట్టుంది," అన్నది రమ. "మీరు పొద్దటి సంది ఏం తినలే. అది మీరు తినుండ్రి అత్తమ్మా."

నేను తిన్నాను.